శనివారాల లెక్క

ఆ కార్డులో ఒక గడి ఉండేది. పదేళ్లు దాటిన పిల్లల్ని అడగాల్సిన ప్రశ్నల్లో అదొకటి: ఎక్కువ సమయం దిగులుగా ఉంటున్నారా? అవును, కాదు. రెండే జవాబులు. 2014లో, వానలు బాగా పడుతున్న రోజుల్లో, మా హైస్కూలు వరండాలో బల్ల వేసి పిల్లలకు ఆరోగ్య తనిఖీ చేస్తున్నారు. ఎనిమిదో తరగతి వాళ్ళు వరసగా నిలబడ్డారు. గోడకి ఆనించి ఎత్తు చూశారు, బరువు తూచారు, కింది రెప్ప లాగి రక్తం ఉందో లేదో చూశారు, నోరు తెరిపించి పళ్ళు చూశారు. ఆ గడి దగ్గరికి వచ్చేసరికి రాస్తున్నావిడ తలెత్తి నా వైపు చూశారు. ఆ తరగతికి క్లాసు టీచర్ని నేను. "అలాంటివేమీ లేవండి, మా పిల్లలందరూ హుషారే" అన్నాను. ఆవిణ్ణి తప్పు పట్టను. ఆ పూట ఆవిడ చూడాల్సిన పిల్లలు ఇంకా చాలామంది ఉన్నారు, జల్లుకి వరండా తడుస్తోంది, వెనక తరగతి అల్లరి చేస్తోంది. పని త్వరగా తెములుతుందని కాసేపటికి కార్డుల కట్ట నేనే తీసుకున్నాను. నలభై రెండు మంది పిల్లలు. నలభై రెండు గడుల్లో "కాదు" దగ్గర నా చేత్తో నేనే టిక్కు పెట్టాను.

నేను లెక్కల మాస్టారిని. రాజోలు వైపు పల్లెల్లో ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పాను. సోపానాలు లేకుండా జవాబు ఒక్కటే రాస్తే, అది సరైనదైనా సరే, మార్కులు కోసేవాణ్ణి. "ఎలా వచ్చిందిరా ఇది? పక్కవాడి దాంట్లో చూసి రాశావా?" అని నిలబెట్టి అడిగేవాణ్ణి. ఆ రోజు నలభై రెండు మందికి సోపానం లేని జవాబు రాసింది నేను.

నా ఒక్కడి తప్పే అయితే ఇదంతా రాయక్కర్లేదు. ఆ తరగతిలో ఒక అమ్మాయి ముందు తలదించుకుంటే సరిపోయేది. కానీ మా స్టాఫ్ రూములో, మా ఇళ్ళల్లో, మా ఊళ్ళో అందరం కలిసి చేసిన పని ఇది. కొలత తెలియని వాళ్ళం చేశామా అంటే అదీ కాదు.

కోనసీమలో కొలవనిదేముంది? ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ మూడు అంకెలూ లంక గ్రామాల్లో బడి మొహం చూడని ముసలమ్మకి కూడా తెలుసు. భద్రాచలం దగ్గర ఎన్ని అడుగులుందో రేడియోలో వింటే మన రేవు మెట్లు ఎప్పుడు మునుగుతాయో వేళ్ళ మీద లెక్క కట్టి చెబుతారు. 2022 జూలైలో భద్రాచలం 71.3 అడుగులన్నారు. ఆ మాట చెవిన పడగానే పశువుల్ని గట్టు మీదికి తోలేశారు, బియ్యం బస్తాలు అటక మీదికి చేరాయి. అంబాజీపేట మార్కెట్లో కురిడీ కొబ్బరిని గండేరా, గటగటా అని రకాలు కట్టి వెయ్యి కాయలకు ఇంత అని ధర చెబుతారు. కాయని చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తే చాలు, లోపల కొబ్బరి చిప్పను వదిలిందో లేదో చప్పుడును బట్టి తెలిసిపోతుంది. రొయ్యల చెరువులో ఆక్సిజన్ పడిపోయిందేమోనని అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని గట్టు వెంట తిరిగే తండ్రుల్ని ఎంతమందినో చూశాను. అదే వేళకి ఇంట్లో, నిద్ర పట్టక పైకప్పు చూస్తూ పడుకున్న కూతురు ఉంటుంది. ఆ గదిలోకి టార్చిలైటు వెళ్ళదు.

విపత్తులు వచ్చినప్పుడూ ఇంతే. 1995 జనవరి 8న పాశర్లపూడిలో చమురు బావి పేలి రెండు నెలలకు పైగా మండింది. మరుసటి ఏడాది నవంబరు 6న తుఫాను వచ్చి కోనసీమ కొబ్బరి తోటల్ని నేలమట్టం చేసింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. చచ్చిపోయినవాళ్ళని లెక్కపెట్టాం. కూలిన చెట్లు లెక్కపెట్టాం, కాలిన ఇళ్ళు, చనిపోయిన పశువులు, ఎకరాకి ఇంత, చెట్టుకి ఇంత అని నష్టపరిహారం లెక్క కట్టాం. పెద్ద ఆపదను చూసిన పిల్లలు ఆ దృశ్యం నుంచి ఎంతవరకు బయటపడ్డారో తెలుసుకోవడానికి ఎనిమిది ప్రశ్నలతో, పదమూడు ప్రశ్నలతో చిన్న పట్టికలు ప్రపంచంలో ఉన్నాయి. యుద్ధాల మధ్య పెరిగిన పిల్లల కోసం తయారైనవి అవి. పావుగంట పని. నగరం పేలుడు జరిగిన ఆ నెలలోనే వేసవి సెలవులయ్యి మా బడి తెరిచారు. ప్రెషర్ కుక్కర్ కూత వేస్తే తన కొడుకు ఉలిక్కిపడుతున్నాడని ఒక తల్లి చెప్పింది. "మగపిల్లాడు, ధైర్యంగా ఉండాలి" అని వాడి వీపు తట్టి పంపించాను. 2022 మే 24న అల్లర్లలో అమలాపురంలో ఇళ్ళు తగలబడ్డ రోజుకీ లెక్కలున్నాయి. ఎన్ని కేసులు, ఎంతమంది అరెస్టు, ఎన్నాళ్ళు ఇంటర్నెట్ ఆగిపోయింది, అన్నీ రాసి ఉన్నాయి. ఆ సాయంత్రం కిటికీ సందులోంచి చూసిన పిల్లల లెక్క ఏ కాగితం మీదా లేదు.

ఇక ఆ అమ్మాయి సంగతి. తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. కోనసీమ గురించి తెలిసినవాళ్ళకి ఇందులో వింతేమీ ఉండదు. మా వైపు పల్లెల్లో గల్ఫ్ సొమ్ముతో స్లాబు వేసిన ఇళ్ళూ, ఆ ఇళ్ళల్లో అమ్మమ్మల దగ్గర పెరిగే పిల్లలూ ప్రతి వీధిలో ఉంటారు. ఈమెకి మూడేళ్ల తమ్ముడు కూడా. వాడికి అన్నం పెట్టి, స్నానం చేయించి, అంగన్‌వాడీలో దింపి బడికి వచ్చేది. తరగతిలో మూడో బెంచీ, గోడ పక్కన. అల్లరి లేదు, ఎదురు సమాధానం లేదు. అడిగితే జవాబు, లేకపోతే మౌనం. ఆ పిల్లని చూపించి మిగతా వాళ్ళని తిట్టేవాణ్ణి: "చూడండిరా, అలా ఉండాలి."

ఒక రోజు వాళ్ళ అమ్మమ్మ బడికి వచ్చింది. గేటు దగ్గరే నిలబడి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, చెప్పింది: "మాస్టారండీ, పిల్ల బెంగ పెట్టుకుందండి. అన్నం సయించట్లేదండి. పొద్దున్నే కడుపులో నొప్పంటది. రాత్రిళ్ళు పడుకోదు. దిష్టి తీశాను, అంతర్వేది సామికి మొక్కుకున్నాను, ఆరెంపీ గారు సెలైను కూడా ఎక్కించారండి. మీరోసారి అడుగుతారేమోనని."

ఆ ముసలమ్మ చదువుకోలేదు. కానీ నిద్ర, తిండి, ఒంటి నొప్పి, వీటన్నిటి వెనక ఉన్న దుఃఖం, అన్నీ వరసగా చెప్పింది. ఏ మనోవైద్యుడు అడిగినా ముందు అడిగేవి ఇవే. పైగా దానికి పేరు కూడా పెట్టింది: బెంగ. కావలసిన మనిషి దూరమైతే ఒంట్లోకి దిగే జబ్బుకి మన భాషలో ఎన్నో తరాలుగా ఉన్న మాట. బెంగతో జ్వరం వస్తుందని మన ముసలివాళ్ళకి తెలుసు. నేను చదువుకున్నవాణ్ణి. "పర్లేదు మామ్మగారూ, పెద్దపిల్ల అవుతోంది కదా, అదే సర్దుకుంటుంది" అన్నాను. ఆవిడ "ఆయ్, అంతేనంటారాండి" అని వెళ్ళిపోయింది.

ఆ "ఆయ్" గురించి చెప్పాలి. మా గోదావరి జిల్లాల మాటతీరులో ఉన్న అందమది. మర్యాద, అంగీకారం, వింటున్నానన్న హామీ, అన్నీ అందులో ఉంటాయి. కానీ పెద్దవాళ్ళ ముందు పిల్ల నోటి నుంచి మొదట వచ్చే మాట అదే అయినప్పుడు, మనం అడిగిన ఏ ప్రశ్నకైనా మనకి ఇష్టమైన జవాబే వస్తుంది. ఆ సాయంత్రమే ఆ అమ్మాయిని పిలిచి అడిగాను, అందరి ముందూ. "ఏమ్మా, బానే ఉన్నావు కదా?" ఆ ప్రశ్నలోనే జవాబు పెట్టి అడిగాను. "ఆయ్, బానే ఉన్నానండి" అంది. నాకు నిశ్చింతగా అనిపించింది. అడగాల్సింది అడిగేశాను కదా అని.

రిటైరయ్యాక, సిగ్గుతో, ఈ కొలతల గురించి చదవడం మొదలుపెట్టాను. పిల్లలకి కూడా పెద్దవాళ్ళకి వచ్చినట్టే కుంగుబాటు వస్తుందని ఒప్పుకోవడానికే వైద్యలోకానికి చాలాకాలం పట్టింది. 1961లో ఆరన్ బెక్ పెద్దవాళ్ళ కోసం ఒక ప్రశ్నావళి తయారుచేస్తే, దాన్ని ఆధారం చేసుకుని తర్వాత మరియా కోవాక్స్ పిల్లల కోసం ఒకటి కట్టారు. ఏడేళ్ల నుంచి పదిహేడేళ్ల వాళ్ళ కోసం, ఇరవై ఏడు అంశాలు. ఒక్కో అంశానికి మూడు వాక్యాలుంటాయి, గడిచిన రెండు వారాల్లో తనకి ఏ వాక్యం సరిపోతుందో పిల్ల ఎంచుకోవాలి. భయాల కోసం వేరే పట్టికలున్నాయి. 1997లో పిట్స్‌బర్గ్‌లో బర్మహర్ బృందం వేసిన దాంట్లో ముప్పై ఎనిమిది ప్రశ్నలు. అందులో కావలసినవాళ్ళకు దూరమైనందుకు కలిగే భయానికి ఒక భాగం, బడికి వెళ్ళాలంటే కలిగే భయానికి ఇంకో భాగం విడివిడిగా ఉంటాయి. అది చదివినప్పుడు పుస్తకం మూసేసి కాసేపు కూర్చున్నాను. ఆ రెండు భాగాలూ మా మూడో బెంచీలో, గోడ పక్కన కూర్చుని ఉండేవి.

ఇవేవీ థర్మామీటర్లు కావని కూడా చదివాను. ఇంగ్లీషు ప్రశ్నని తెలుగులోకి తేవడమే పెద్ద పని. "ఆందోళనగా ఉంటుందా?" అని అచ్చువేస్తే మా పిల్లలకి గుర్తొచ్చేది కలెక్టరేట్ ముందు టెంటు వేసుకుని కూర్చున్నవాళ్ళు, ఎందుకంటే పేపర్లో ఆ మాటకి అర్థం అదే. "కుంగుబాటు" అంటే గోడ కుంగిందనుకుంటారు. వాళ్ళ మాటలు వేరు. గుండెల్లో దడగా ఉంది. కడుపులో తిప్పుతోంది. ఏదోలా ఉంది. ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావట్లేదు. గుబులుగా ఉంది. ఇంకా చిక్కు మాట "భయం". పిల్లకి భయం ఉందంటే మన ఇళ్ళల్లో అది మెచ్చుకోలు. మాస్టారంటే భయం, పెద్దలంటే భయం, భయభక్తులు. నిజంగా భయంతో వణికే పిల్లకీ, బుద్ధిగా పెరిగిన పిల్లకీ తేడా చెప్పే మాటే మన నోట్లో ఆడదు. అల్లరి చేసేవాడి బాధ బెంచీలు విరిగి బయటపడుతుంది. లోపలికి కుంగే పిల్లకి మనం ఆదర్శ విద్యార్థిని అని పేరు పెడతాం. పెట్టాను కూడా.

ఆ ఎనిమిదో తరగతి పిల్లలు పదో తరగతికి వచ్చాక, 2016లో, మా బడికి ప్రశ్నపత్రాల కట్ట ఒకటి వచ్చింది. ఎవరో పరిశోధన చేస్తున్నారు. 1997లో రాబర్ట్ గుడ్‌మన్ తయారుచేసిన ఇరవై అయిదు ప్రశ్నల పట్టిక అది. మనోభావాలు, ప్రవర్తన, నిలకడలేనితనం, తోటివాళ్ళతో స్నేహం, ఎదుటివాళ్ళకి సాయపడే గుణం, ఒక్కోదానికి అయిదేసి. ప్రతి ప్రశ్నకీ మూడు జవాబులు: నిజం కాదు, కొంతవరకు నిజం, పూర్తిగా నిజం. ఒక్కో పిల్ల గురించి టీచరు ఆలోచించి నింపాలి. మేం ముగ్గురం స్టాఫ్ రూములో కూర్చుని, టీ చల్లారేలోపు తరగతి మొత్తం నింపేశాం. ఎటూ మాట రాకుండా ఉంటుందని అందరికీ మధ్య గడిలోనే టిక్కు పెట్టాం. "కొంతవరకు నిజం." ఎవరూ తప్పనలేని జవాబు.

ఆ పట్టికకి మార్కులు ఎలా వేస్తారో చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. సాయపడే గుణం పక్కన పెట్టి మిగతా ఇరవై ప్రశ్నల మార్కులూ కూడాలి. మధ్య గడికి ఒక మార్కు. అంటే మా పిల్లల్లో ప్రతి ఒక్కరికీ సరిగ్గా ఇరవై. టీచర్లు నింపే పట్టికలో పదహారు గానీ అంతకు మించి గానీ వస్తే ఆ పిల్లని దగ్గరగా చూడాలని అర్థం. మా టిక్కులు నిజమైతే ఆ తరగతిలో నలభై రెండు మందీ తీవ్రమైన ఇబ్బందిలో ఉన్నట్టు. వరండాలో నలభై రెండు మందికీ ఏమీ లేదని రాసినవాణ్ణి, స్టాఫ్ రూములో నలభై రెండు మందికీ అంతా ఉందని రాశాను. రెండుసార్లూ ఒక్క పిల్ల మొహం కూడా గుర్తుతెచ్చుకోలేదు. అంకమధ్యమం, మధ్యగతం, బాహుళకం అని బోర్డు మీద ఏటా చెప్పే మాస్టారిని. మూడూ ఇరవైయే అయి, ఏ ఇద్దరికీ తేడా లేని తరగతి ఎక్కడైనా ఉంటుందా? ఆ కాగితాలు అందుకున్నవాళ్ళు వాటిని చించేసి ఉంటే బాగుణ్ణు. ఎవరి లెక్కలోనో కలిసి ఉంటే, ఆ లెక్కలో మా అబద్ధం ఉంది.

1987లో అకెన్‌బాక్ అనే ఆయన సహచరులతో కలిసి 119 అధ్యయనాలు కూడదీసి ఒక విషయం చూశాడు. పిల్ల తన గురించి చెప్పేదానికీ, పెద్దవాళ్ళు ఆ పిల్ల గురించి చెప్పేదానికీ ఎంత పొంతన ఉంది? పూర్తిగా కలిస్తే 1, అసలు పొంతన లేకపోతే 0. వచ్చింది 0.22. తల్లీ తండ్రీ లాంటి జంటలు ఒకరితో ఒకరు ఏకీభవించింది మాత్రం 0.60. పెద్దవాళ్ళం పెద్దవాళ్ళతో కలుస్తాం, పిల్లతో కలవం. పిల్ల ఇంట్లో ఒకలా, బడిలో ఒకలా, తనలో తాను ఇంకోలా ఉంటుంది. ఏ ఒక్కరి చూపూ చాలదు. అందుకే తల్లిదండ్రుల్నీ, టీచర్నీ, పిల్లనీ ముగ్గుర్నీ అడగాలంటారు. మేం మా ఇద్దరి మాటలతో సరిపెట్టి, మూడో మనిషిని వదిలేశాం. ఆ మూడో మనిషిదే కథ.

2019లో రిటైరయ్యే ముందు పాత రిజిస్టర్లు సర్ది అప్పగించాల్సి వచ్చింది. ఎనిమిదో తరగతి హాజరుపట్టీ చేతికొచ్చింది. ఊరికే తిరగేస్తుంటే ఆ అమ్మాయి పేరు ఎదురుగా ఎర్ర సిరాతో గైర్హాజరు గుర్తులు కనిపించాయి. వేలితో తేదీలు వెతికాను. శనివారం. పై వారం చూస్తే శనివారం. ఆ పై నెల చూశాను, అక్కడా శనివారాలే. ఏడాది పొడుగునా అలాగే ఉంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఒక్క రోజు తప్పకుండా వచ్చిన పిల్ల శనివారాలు మాత్రం రాలేదు. కువైట్‌లో సెలవు శుక్రవారం. అక్కడికీ ఇక్కడికీ రెండున్నర గంటల తేడా. అక్కడ తల్లి పని ముగించుకుని రాత్రి తొమ్మిదిన్నరకి ఫోను చేస్తే ఇక్కడ అర్ధరాత్రి. శుక్రవారం అర్ధరాత్రి ఫోను, శనివారం గైర్హాజరు. వారం వారం ఆ పిల్ల గుండె కొలత నా చేతిరాతతోనే, ఎర్ర సిరాతోనే, నా బల్ల సొరుగులోనే ఉంది. ఏ అమెరికా ప్రశ్నావళీ అక్కర్లేదు. నెలాఖరున హాజరు శాతం కట్టి పై అధికారులకి పంపించాను. నిలువుగా కూడాను గానీ అడ్డంగా చదవలేదు.

తర్వాతెప్పుడో ఆ అమ్మాయే చెప్పింది. "అమ్మ ఏడుస్తదని నేను నవ్వుతా మాట్లాడేదాన్నండి. ఫోన్ పెట్టేశాక ఏడుపొచ్చేది. తమ్ముడు లేస్తాడని దుప్పటి నోట్లో పెట్టుకునేదాన్ని. పొద్దున్నే కళ్ళు వాచిపోయి ఉంటే బడికెలా వస్తానండి?" అటు తల్లి కూడా నవ్వుతూనే మాట్లాడి ఉంటుంది. ఎవరైనా ఆ తల్లికి ప్రశ్నావళి ఇస్తే తన కూతురు సంతోషంగా ఉందనే రాసేది. ఆ 0.22 ఎక్కడి నుంచి వస్తుందో నాకు అప్పుడు అర్థమైంది. పిల్లలు మన నుంచి దాచిపెట్టేది చాలాసార్లు మన కోసమే.

ఆ అమ్మాయి పదో తరగతి పరీక్షలు రాయలేదు. ఆ ఏడాది మా బడి ఉత్తీర్ణత శాతం బాగా వచ్చిందని బ్యానరు కట్టాం. రాయని పిల్ల శాతంలోకి రాదు.

బాగా చదివిన పిల్లల సంగతీ ఇంతకన్నా మెరుగ్గా లేదు. పదో తరగతి ఫలితాలు రాగానే కోనసీమ ఊళ్ళ నుంచి పెట్టెలూ బకెట్లూ కట్టుకుని పట్నం హాస్టళ్ళకి బయల్దేరతారు. కాలేజీ పేరు చెప్పి సిఫార్సు చేసిన మాస్టర్లలో నేనూ ఉన్నాను. అక్కడ వారం వారం పరీక్ష, వారం వారం ర్యాంకు. ఆ ర్యాంకు తండ్రి ఫోనుకి మెసేజీగా వస్తుంది. పొలం గట్టు మీద నిలబడి చదువుకుని, తగ్గితే ఫోను చేసి కేకలేస్తాడు. ఇంత తరచుగా, ఇంత జాగ్రత్తగా కొలిచే ఏర్పాటు చేసుకున్నాం, పిల్లాడు ఎన్ని గంటలు నిద్రపోయాడో చెప్పే కొలత తప్ప. నేను పంపిన వాళ్ళలో ఒకడు తిరిగి రాలేదు. మార్కులు తగ్గాయని పేపర్లో ఒక వాక్యం రాశారు. మేమూ అదే వాక్యం అందరికీ చెప్పాం. పన్నెండేళ్లు మా ఊళ్ళో పెరిగిన మనిషిని ఒక అంకెతో ముగించాం.

2019 ఏప్రిల్లో తెలంగాణలో ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. 2023 ఏప్రిల్లో మన రాష్ట్రంలో ఫలితాలు వచ్చిన రెండు రోజుల్లోనే తొమ్మిది మంది పోయారని వార్తలొచ్చాయి. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది. చచ్చిపోయినవాళ్ళ సంఖ్య చివరి అంకె వరకూ ఉంటుంది. బతికి ఉండి బాధపడుతున్నవాళ్ళ సంఖ్య కోసం వెతికాను. 2015–16లో నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. దేశంలో పన్నెండు రాష్ట్రాలు ఎంచుకున్నారు. తమిళనాడు ఉంది, ఛత్తీస్‌గఢ్ ఉంది, కేరళ ఉంది. ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. పదమూడు నుంచి పదిహేడేళ్ల పిల్లల్లో నూటికి 7.3 మందికి మానసిక సమస్య ఉందని అందులో వచ్చిన అంకె కూడా నాలుగు రాష్ట్రాలది. ఆ నాలుగింట్లో తెలుగు రాష్ట్రం లేదు. ఆ సర్వేలో మన పిల్లలు లేరని ఏ టీచర్ల సంఘం సమావేశంలోనైనా ఎవరైనా అడిగారా అంటే, ముప్పై ఏళ్లు సంఘంలో ఉన్నవాణ్ణి, నేను అడగలేదు. పీఆర్సీ శాతం గురించి మాత్రం చాలాసార్లు లేచి మాట్లాడాను.

కొలిచేస్తే సరిపోతుందని నేను చెప్పట్లేదు. లెక్కల వాడిని కాబట్టి ఒక లెక్క వేసి చూసుకున్నాను. వెయ్యి మంది పిల్లలున్న చోట డెబ్భై మందికి నిజంగా ఇబ్బంది ఉందనుకుందాం. మన ప్రశ్నావళి అలాంటివాళ్ళని నూటికి ఎనభై మందిని పట్టుకుంటుంది, ఏమీ లేనివాళ్ళని నూటికి ఇరవై మందిని పొరపాటున పట్టుకుంటుంది అనుకుందాం. డెబ్భైలో యాభై ఆరు మంది దొరుకుతారు. మిగిలిన 930 మందిలో 186 మంది అనవసరంగా జాబితాలోకి వస్తారు. మొత్తం 242 పేర్లలో నిజమైనవి యాభై ఆరే, పైగా పద్నాలుగు మంది తప్పించుకుపోయారు. ఆ జాబితా స్టాఫ్ రూము గోడకి అంటిస్తే ఏమవుతుందో మనకు తెలుసు. "మెంటల్" అన్న మాట సాయంత్రానికి ఊరు దాటుతుంది, ఆడపిల్లయితే పెళ్లి సంబంధం దాకా వెంటాడుతుంది. అందుకే ఆ పట్టిక తలుపు తట్టే చెయ్యి మాత్రమే. తలుపు తీశాక లోపలికి వెళ్ళి కూర్చుని, ఒక్కో పిల్లతో విడిగా మాట్లాడే మనిషి ఉండాలి. చచ్చిపోవాలనిపిస్తోందని ఒక పిల్ల రాస్తే ఆ కాగితం ఆ రోజే చదివేవాళ్ళుండాలి, ఆ రోజే ఎవరి దగ్గరికి తీసుకెళ్ళాలో తెలిసి ఉండాలి. నూరు మంది గానీ అంతకు మించి గానీ విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఒకరైనా ఉండాలని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటూ మరణించిన ఒక అమ్మాయి తండ్రి న్యాయం కోసం అంతదాకా వెళ్తే వచ్చిన మాట అది. 2022 అక్టోబరు నుంచి టెలిమానస్ నంబరు 14416 ఉంది, ఏ వేళలోనైనా డబ్బు ఖర్చు లేకుండా తెలుగులో మాట్లాడొచ్చు. ధవళేశ్వరం అంకెలు చెప్పినట్టు ఈ అంకె చెప్పగలిగిన వాళ్ళు మా వీధిలో ఎంతమందో అని అడిగి చూశాను. ఇద్దరు. ఇద్దరూ ఆశా కార్యకర్తలే.

మొన్న వేసవిలో ఆ అమ్మాయి మా ఇంటికొచ్చింది. ఇరవై నాలుగేళ్లు. రాజోలులో బట్టల షాపులో పనిచేస్తోంది. అమ్మమ్మ పోయింది. తల్లి ఇంకా కువైట్‌లోనే ఉంది. ఆ మూడేళ్ల తమ్ముడు పదో తరగతి పాసయ్యాడు, మంచి మార్కులతో. స్వీటు పెట్టె తెచ్చి, నా చేతిలో పెట్టి, దండం పెట్టింది.

"మాస్టారండీ, వీణ్ణి ఏ కాలేజీలో వెయ్యమంటారండి? అమ్మ విజయవాడ అంటందండి. ఖర్చు ఎంతైనా పర్లేదంటంది. మీరు చెప్పిన చోటే వేస్తానండి."

నోటి చివరికి ఒక కాలేజీ పేరు వచ్చింది. ముప్పై ఏళ్ల అలవాటు. మింగాను.

"వాడేమంటున్నాడమ్మా?"

ఆ అమ్మాయి నా మొహంలోకి చూసింది. కాసేపు ఏమీ అనలేదు.

"వాణ్ణి ఇంకా అడగలేదండి."

గేటు బయట, కొబ్బరి చెట్టు నీడలో, సైకిల్ హ్యాండిల్ మీద చెయ్యి వేసుకుని వాడు నిలబడి ఉన్నాడు. అక్క లోపలికి వెళ్ళి మాట్లాడి వచ్చేదాకా బయట ఉండాలని వాడికెవరూ చెప్పి ఉండరు. కుర్చీ ఒకటి వరండాలోకి తెచ్చి వేసి, లోపలికి రమ్మని వాణ్ణి పిలిచాను.